సబ్బుకు లొంగని వాసన

ఈసారి వచ్చిన ఉత్తరాలలో రెండు ఒకే బాధను రెండు వైపుల నుంచి చెబుతున్నాయి. వాటికి విడివిడిగా జవాబు ఇస్తూనే రెండింటినీ ఒకేచోట ప్రచురిస్తున్నాము. రాసినవారి కోరిక మేరకు పేర్లు, ఊళ్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారములు. నా వయసు 29 సంవత్సరాలు. కోనసీమలో ఒక ప్రైవేటు పాఠశాలలో పాఠాలు చెబుతున్నాను. పదమూడో ఏట, పెద్దమనిషినైన కొన్ని నెలలకు, నా ఒంటి నుంచి ఒక వాసన రావడం మొదలైందని ఇంట్లోవాళ్లు చెబుతారు. నాకు మాత్రం అది ఎప్పుడో తప్ప తెలియదు. ఎండుచేపల బుట్ట మూత తీసినప్పుడు వచ్చే వాసనలా ఉంటుందని మా చెల్లెలు అంటుంది. రోజూ ఉండదు. నెలసరికి నాలుగైదు రోజుల ముందు నుంచి ఎక్కువవుతుందని, జ్వరం వచ్చినా, ఎండలో పరుగున వచ్చి బస్సు ఎక్కినా పెరుగుతుందని కూడా అదే గమనించి చెప్పింది. రోజుకు మూడుసార్లు సబ్బుతో రుద్దుకుని స్నానం చేస్తాను. చంకల్లో పటిక రాశాను, వేపాకు నీళ్లు పోసుకున్నాను, నిమ్మచెక్కతో రుద్దుకుని ఒళ్లు మంట పెట్టుకున్నాను. ఇద్దరు చర్మవైద్యులు పౌడర్లు, లోషన్లు రాశారు. దంతవైద్యులు పళ్లు శుభ్రం చేశారు. షుగరు, థైరాయిడ్ పరీక్షల్లో ఏమీ లేదన్నారు. చివరికి ఒకరు "నాకేమీ వాసన రావడం లేదమ్మా, ఇదంతా మీ అనుమానం" అన్నారు. ఆ మరుసటి వారమే, నేను కాపీ దిద్దడానికి వంగితే, మొదటి వరుసలో కూర్చునే ఏడేళ్ల బాబు నోటు పుస్తకం ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. బంధువుల్లో ఒకావిడ నా వెనక నన్ను మత్స్యగంధి అంటారని తెలిసి ఆ రాత్రంతా ఏడ్చాను. మా అమ్మను సొంత మేనమామకే ఇచ్చి పెళ్లి చేశారు. ఇప్పుడు నాకు మా మేనబావతో సంబంధం అనుకుంటున్నారు. నాకున్నది జబ్బేనా? దీనికి మందుందా? పెళ్లికి ముందు ఈ సంగతి చెప్పాలా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నేను రెండు మూడుసార్లు వెనక్కి వెళ్లి చదివిన మాటలు ఉన్నాయి: ఎండుచేపల వాసన, నెలసరికి ముందు పెరగడం, తల్లిదండ్రులది మేనరికం. ఉత్తరం చూసి జబ్బు పేరు ఖాయం చేయడం వైద్యులకు తగదు కానీ, ఈ మూడూ కలిసి కనిపించినప్పుడు తప్పనిసరిగా వెతకవలసిన జబ్బు ఒకటి ఉంది. దాని పేరు ట్రైమిథైలమైనూరియా. వైద్య పత్రికలలో 1970లో మొదటిసారి దీనిని వర్ణించారు. దీనికి కారణమయ్యే జన్యులోపం 1997లో తెలిసింది. అరుదైన జబ్బు కావడం వల్ల చాలామంది వైద్యులు తమ జీవితంలో ఒక్క రోగిని కూడా చూసి ఉండరు, అందువల్ల అది వారి ఆలోచనలోకే రాదు.

ఇది చర్మంలో పుట్టే వాసన కాదు. మీరు ఎంత రుద్దుకున్నా పోకపోవడానికి అసలు కారణం అదే. గుడ్డు పచ్చసొన, కాలేయం, సోయా, వేరుశనగ వంటి వాటిలో కోలిన్ అనే పోషకం, మాంసంలో కార్నిటిన్ అనే పదార్థం ఉంటాయి. వాటిలో ఒంటికి ఇంకకుండా మిగిలిన భాగాన్ని పేగుల్లోని బాక్టీరియా విడగొట్టి ట్రైమిథైలమైన్‌ను తయారు చేస్తుంది. సముద్రపు చేపల్లోనైతే ఈ పదార్థమే వాసన లేని ఆక్సైడ్ రూపంలో నేరుగా ఉంటుంది, దానిని బాక్టీరియా తిరిగి ట్రైమిథైలమైన్‌గా మారుస్తుంది. చేప పాడైనప్పుడు వచ్చే నీచు కంపులో ముఖ్యమైనది ఇదే. పేగుల నుంచి రక్తంలో చేరిన ఈ పదార్థాన్ని కాలేయంలోని ఎఫ్‌ఎంఓ3 అనే ఎంజైమ్ మళ్లీ వాసన లేని ఆక్సైడ్‌గా మార్చి మూత్రంలో పంపించివేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవారిలో 90 శాతానికి పైగా ఇలా మారిపోతుంది. ఆ ఎంజైమ్ పుట్టుకతోనే సరిగా పనిచేయనివారిలో మాత్రం మారకుండా మిగిలినది చెమటలో, ఊపిరిలో, మూత్రంలో బయటికి వస్తుంది. నెలసరి దగ్గరపడినప్పుడు ఆ ఎంజైమ్ పని ఇంకా మందగిస్తుంది. జ్వరం, శ్రమ, ఆందోళన చెమటను పెంచి వాసనను బయటపెడతాయి. మీ చెల్లెలు ఏ పరికరమూ లేకుండా గమనించి చెప్పినవి వైద్య గ్రంథాలలో ఉన్న లక్షణాలే.

వాసన రాలేదు కనుక ఇది అనుమానమేనన్న మాట గురించి నేను ఒక సంగతి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం ఇటువంటి బాధతోనే వచ్చిన ఒక అమ్మాయికి నేను కూడా పౌడరు రాసి, ధైర్యం చెప్పి పంపించాను. ఆ రోజు గదిలో నాకు ఏ వాసనా రాలేదు. మూడు వారాల తరువాత జ్వరంతో వచ్చి ఆమె కుర్చీలో కూర్చోగానే, నేను మొదటిసారి చెప్పిన ధైర్యం ఎంత తప్పో తెలిసింది. ఈ వాసన వస్తూ పోతూ ఉంటుంది. పైగా ట్రైమిథైలమైన్ వాసనను అసలు పసిగట్టలేని ముక్కు కొద్దిమందికి పుట్టుకతోనే ఉంటుంది, వారిలో వైద్యులూ ఉండవచ్చు. రోజంతా తన ఒంటి వాసనలోనే ఉండే మనిషికి దానిని గుర్తించే శక్తి మొద్దుబారుతుంది. కాబట్టి ఒక్క పూట పరీక్షలో వాసన రాలేదని "లేదు" అనడం శాస్త్రం కాదు. మీ విషయంలో ఆ ఏడేళ్ల బాబు, మీ చెల్లెలు ఇద్దరూ సాక్షులే.

ముందుగా, సులభంగా నయమయ్యే కారణాలను వెతికి పక్కన పెట్టాలి. స్త్రీలలో యోని బాక్టీరియా సమతూకం తప్పినప్పుడు కూడా ఇదే చేపల వాసన వస్తుంది. స్త్రీవైద్యులు ఒక చిన్న పరీక్షతో దానిని పట్టుకుని వారం రోజుల మందుతో తగ్గించగలరు. అది ఉండగా, లేదా మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉండగా, నేను చెప్పబోయే మూత్ర పరీక్ష చేస్తే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. ముక్కు లోపలి పొరలు ఎండి పక్కులు కట్టే జబ్బులో ఎదుటివారికి భరించలేని దుర్వాసన వస్తుంది, రోగికి మాత్రం ఏమీ తెలియదు. మీకు ముక్కులో పక్కులు, రక్తం పడడం ఉంటే చెవి ముక్కు గొంతు వైద్యులకు చూపించుకోండి. కాలేయం, మూత్రపిండాల పనితీరుకు మామూలు రక్తపరీక్షలు చాలు, ఆ అవయవాలు దెబ్బతిన్నా ఇటువంటి వాసన రావచ్చు. కండలు పెంచేవారు తాగే కార్నిటిన్ పొడులు, లెసిథిన్ మాత్రలు వాడుతున్నవారిలోనూ వస్తుంది, మానితే పోతుంది.

అసలు పరీక్ష మూత్రానిది. అందులో మారిన ట్రైమిథైలమైన్ ఎంత, మారనిది ఎంత అని కొలిచి నిష్పత్తి చూస్తారు. ఊళ్లోని ల్యాబులో ఇది జరగదు, జీవక్రియ లోపాలకు మాస్ స్పెక్ట్రోమీటరుతో పరీక్షలు చేసే పెద్ద ప్రయోగశాలతో మీ వైద్యులు ముందుగా మాట్లాడి ఏర్పాటు చేయాలి. నమూనా ఇవ్వడానికి ముందు కొన్ని రోజులు ఏ పథ్యమూ చేయకుండా గుడ్లు, చేపలతో మామూలు భోజనం చేయాలి. పథ్యం మీద ఉండి ఇస్తే జబ్బు ఉన్నా ఫలితం మామూలుగా రావచ్చు. కొన్నిచోట్ల సముద్రపు చేపతో భోజనం పెట్టి ఆ తరువాతి కొన్ని గంటల మూత్రం తీసుకుంటారు. సీసాలో ఆమ్లం కలిపి, గడ్డకట్టించి పంపకపోతే ఆ పదార్థం దారిలోనే ఆవిరైపోతుంది. నెలసరి రోజుల్లో ఆరోగ్యవంతులకూ ఎంజైమ్ కాస్త మందగించవచ్చు, అప్పుడు తీసిన ఒక్క నమూనాతో నిర్ధారణకు రాకూడదు. ఫలితం అనుమానంగా ఉంటే ఎఫ్‌ఎంఓ3 జన్యు పరీక్ష చేయించవచ్చు. హైదరాబాదు నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. మీ వైద్యులు రాసిచ్చిన ఉత్తరంతో అక్కడ సలహా తీసుకోవడం మీ మేనరికం ప్రశ్నకు కూడా ఉపయోగపడుతుంది.

నిర్ధారణ అయ్యేలోపు రేపటి నుంచే మార్చుకోగలిగినది సబ్బు. చేపలు కడిగేటప్పుడు మీ అమ్మగారు ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి: ఉప్పు, పసుపు వేసి రుద్ది, నిమ్మకాయ పిండి, ఆ తరువాత చింతపండు పులుసులో వేస్తారు. ట్రైమిథైలమైన్‌కు పులుపు తగిలితే అది లవణంగా మారి గాలిలోకి లేవదు, అందుకే నీచు తగ్గుతుంది. క్షారం తగిలితే దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరుగుతుంది. మామూలు స్నానపు సబ్బులు క్షారగుణం కలవి; వాటి పీహెచ్ (పులుపును, క్షారాన్ని కొలిచే అంకె, 7 కన్నా పెరిగేకొద్దీ క్షారం, తగ్గేకొద్దీ పులుపు) 9, 10 వరకు ఉంటుంది. వాటితో రోజుకు మూడుసార్లు రుద్దుకోవడం వల్ల చర్మం మీది ఆమ్లగుణం పోయి, వాసన ఇంకా సులువుగా లేస్తుంది. పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉన్నట్టు అట్ట మీద రాసిన సబ్బో, ఒళ్లు కడుక్కునే ద్రవమో మందుల దుకాణంలో దొరుకుతుంది. దానితో ఉదయం, సాయంత్రం చేతితో మృదువుగా కడుక్కుంటే చాలు. నిమ్మచెక్క మాత్రం ఇక వద్దు. నిమ్మరసం అంటిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలెక్కి, నల్ల మచ్చలు నెలల తరబడి నిలిచిపోతాయి.

జబ్బు నిర్ధారణ అయితే ప్రధానమైన చికిత్స భోజనంలోనే ఉంది. కోనసీమ అమ్మాయికి ఇది చెప్పడం నాకు కష్టంగా ఉంది: వంజరం, చందువ వంటి సముద్రపు చేపలు, ఎండుచేపలు, పీతలు, రొయ్యలు మానవలసి ఉంటుంది. రొయ్యలు చెరువులో పెంచినవైనా మానడమే మంచిది. చెరువు చేపల్లో ఆ ఆక్సైడ్ చాలా తక్కువ కనుక బొచ్చె, శీలావతి, కొర్రమీను కొద్దిగా తిని చూడవచ్చు. ఒక కోడిగుడ్డులో సుమారు 150 మిల్లీగ్రాముల కోలిన్ ఉంటుంది, దాదాపు అంతా పచ్చసొనలోనే. తెల్లసొన తినవచ్చు. కాలేయం, సోయా, బఠాణీలు, చిక్కుడు గింజలు తగ్గించాలి. ఇడ్లీలోకి రోజూ చేసే పల్లీ పచ్చడి బదులు కొబ్బరి పచ్చడి చేసుకోండి. క్యాబేజీ, కాలీఫ్లవర్‌లలో వేరే చిక్కు ఉంది: వాటిలోని కొన్ని పదార్థాలు ఎఫ్‌ఎంఓ3 ఎంజైమ్‌నే అణచివేస్తాయి. అయితే కోలిన్ కాలేయానికి, నరాలకు, గర్భంలోని బిడ్డ మెదడుకు అవసరమైన పోషకం. కాబట్టి ఇవన్నీ ఒకేసారి మీ అంతట మీరు మానేయకండి. ఆహార నిపుణుల సలహాతో ఒక్కొక్కటిగా తగ్గిస్తూ, ఏది మానితే చెల్లెలికి తేడా తెలుస్తోందో చూసి, తేడా లేనివి తిరిగి తినండి. గర్భం వచ్చినప్పుడు, పాలిచ్చేటప్పుడు ఈ పథ్యం సడలించాలి.

మందులలో జన్యులోపాన్ని సరిచేసేది ఇంకా లేదు. వాసనను తగ్గించేవి మాత్రం ఉన్నాయి. పేగుల్లోని ఆ బాక్టీరియాను కొంతకాలం అణచడానికి మెట్రోనిడజోల్ వంటి యాంటీబయాటిక్‌ను తక్కువ మోతాదులో, కొద్దిరోజులు, పెళ్లి, ఇంటర్వ్యూ వంటి ముఖ్యమైన సందర్భాలకు ముందు వైద్యులు ఇస్తారు. పదే పదే వాడితే అది పనిచేయడం మానేస్తుంది. ఉత్తేజిత బొగ్గు మాత్రలు, కాపర్ క్లోరోఫిలిన్ పేగుల్లోనే ట్రైమిథైలమైన్‌ను పట్టి ఉంచుతాయి. జపాన్‌లో ఏడుగురు రోగులకు వీటిని ఇచ్చి చూసిన అధ్యయనం 2004లో వచ్చింది, మారని ట్రైమిథైలమైన్ వారి మూత్రంలో తగ్గింది. ఏడుగురు చాలా చిన్న సంఖ్యే అయినా, అరుదైన జబ్బులలో దొరికే ఆధారాలు ఇలాగే ఉంటాయి. బొగ్గు మాత్రలు ఇతర మందులను కూడా పట్టేస్తాయి కనుక వాటికీ వీటికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి. మిగిలి ఉన్న ఎంజైమ్ మెరుగ్గా పనిచేయడానికి రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్ కూడా ఇస్తారు. పథ్యం, సబ్బు, మందు మూడూ కుదిరినవారిలో చాలామందికి వాసన చెప్పుకోదగ్గంత తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం నేను మాట ఇవ్వలేను.

ఇక పెళ్లి సంగతి. ఈ జబ్బు రావడానికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపపు జన్యువులు అందాలి. ఒక్కటే ఉన్నవారికి మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు, తమలో అది ఉన్నట్టు కూడా తెలియదు. మీ అమ్మానాన్నలు దగ్గరి రక్తసంబంధీకులు కావడం వల్ల ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం పెరిగింది. అటువంటి దంపతులకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. మీరు బయటి సంబంధం చేసుకుని, అతనిలో ఈ లోపం లేకపోతే, మీ పిల్లలకు జబ్బు రాదు. మేనబావ విషయంలో ఆ భరోసా లేదు. అతనిలో ఆ జన్యువు ఒకటి ఉంటే మీ బిడ్డల్లో ప్రతి ఒక్కరికీ సగానికి సగం ప్రమాదం. కాబట్టి ముందు మీకు నిర్ధారణ, ఆ తరువాత అతనికి జన్యు పరీక్ష, ఆపైనే తాంబూలాలు. పెళ్లికి ముందు అతనికి చెప్పాలా అంటే, చెప్పాలనే నా అభిప్రాయం. ఒకే గదిలో ఉండబోయే మనిషికి ఇది ఎలాగూ తెలుస్తుంది, జబ్బు పేరుతో, వైద్యం వివరాలతో మీ నోటి నుంచి తెలియడమే మీకు గౌరవం. బంధువులందరికీ చెప్పవలసిన పని లేదు. మిమ్మల్ని మత్స్యగంధి అన్నావిడకు అసలే లేదు. భారతకథలో ఆ పడుచుకు వాసన పుట్టుకతో వచ్చిందని కథే చెబుతుంది, ఆమెది అశుభ్రత అని ఎవరూ అనలేదు. ఆ పేరును దెప్పిపొడుపుకు వాడేవారు కథ సగమే విన్నారు.

పాఠశాలలో మీకు నమ్మకమున్న ఒక్కరికి, వీలైతే ప్రధానోపాధ్యాయులకు, నిర్ధారణ పత్రం చూపించి చెప్పండి. మీ కుర్చీ కిటికీ పక్కకు, గాలి వాలుకు మారితే తరగతిలో సగం ఇబ్బంది తీరుతుంది.

ప్రశ్న: డాక్టరుగారూ, నాకు 24 ఏళ్లు. హైదరాబాదులో హాస్టల్లో ఉండి ఉద్యోగ ప్రయత్నాలు చేస్తున్నాను. రెండేళ్లుగా నా ఒంటి నుంచి మురుగు వాసన వస్తోంది. మెట్రోలో నేను ఎక్కగానే ఎవరో ఒకరు ముక్కు రుద్దుకుంటారు, దగ్గుతారు, లేచి అటు జరుగుతారు. మా అమ్మ, గదిలో స్నేహితులు ఏ వాసనా లేదంటారు. నా మనసు నొప్పించడం ఇష్టంలేక అలా అంటున్నారని నా నమ్మకం. రోజుకు ఐదారుసార్లు స్నానం చేస్తాను, గంటకోసారి చొక్కా వాసన చూసుకుంటాను. రెండు ఇంటర్వ్యూలకు వెళ్లకుండా మానేశాను. ఒక్కోసారి బతకాలనిపించదు. అన్ని పరీక్షలూ మామూలుగానే వచ్చాయి.

జవాబు: బాబూ, ముందు చివరి మాట గురించి. బతకాలనిపించడం లేదన్న ఆలోచన మళ్లీ వస్తే ఒంటరిగా ఉండకండి. వెంటనే 14416 నంబరుకు ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ సేవ అది, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మీ ఉత్తరానికీ పై ఉత్తరానికీ ఉన్న తేడాను మీరే చూడగలరు. ఆమెకు వాసన తెలియదు, చుట్టూ ఉన్నవారికి తెలుస్తుంది. మీకు ఎప్పుడూ తెలుస్తుంది, పక్క మంచం మీద పడుకునే స్నేహితుడికి కూడా తెలియడం లేదు. మీ దగ్గర ఉన్న రుజువులన్నీ ముక్కు రుద్దుకోవడం, దగ్గడం వంటి సైగలే. హైదరాబాదు దుమ్ములో రోజుకు వందమంది ముక్కు రుద్దుకుంటారు, వారిలో మీ వల్ల రుద్దుకున్నవారెవరో సైగ చూసి తెలుసుకోవడం ఎవరి తరమూ కాదు. మీ బాధ నిజమైనది. ఒంటి వాసన మీద మనసు ఇలా బిగుసుకుపోయే స్థితిని వైద్యులు యాభై ఏళ్లకు పైగా ఎరుగుదురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాజా వ్యాధుల జాబితాలో దీనికి విడిగా స్థానం ఇచ్చింది. ఇది పిచ్చి కాదు, బలహీనత అంతకన్నా కాదు.

దీనికి మంచి చికిత్స ఉంది. మానసిక వైద్యులు సెరటోనిన్ మీద పనిచేసే మందులు ఇస్తారు, వాటి ఫలితం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలైనా పడుతుంది, నాలుగో రోజున మానేయవద్దు. దానితోపాటు క్లినికల్ సైకాలజిస్టు దగ్గర ఆలోచనల మీద, అలవాట్ల మీద పనిచేసే చికిత్స ఉంటుంది. ఐదారు స్నానాలను నాలుగుకు, మూడుకు తగ్గించడం, చొక్కా వాసన చూసుకునే వ్యవధిని గంట నుంచి రెండు గంటలకు పెంచడం, మెట్రోలో తలుపు దగ్గర కాకుండా మధ్యలో నిలబడి రెండు స్టేషన్లు ప్రయాణించడం వంటివి వారితో కలిసి మెట్టుమెట్టుగా చేస్తారు. పరీక్షలు ఇప్పటికే మామూలుగా వచ్చాయి కనుక కొత్తవి చేయించుకోవద్దు. ప్రతి కొత్త పరీక్షా నాలుగు రోజులు ఊరటనిచ్చి, ఐదో రోజు అనుమానాన్ని రెట్టింపు చేస్తుంది. ఈ ఉత్తరాన్నే చేతిలో పెట్టుకుని వెళ్లండి, వైద్యుల ముందు మాట పెగలకపోతే చదవమని ఇవ్వండి.

మీ అమ్మగారికి కూడా ఒక మాట చెప్పాలి. "వాసన వస్తోందా అమ్మా" అని మీరు రోజుకు పదిసార్లు అడిగితే ఆవిడ పదిసార్లూ "లేదు నాన్నా" అంటారు, పదకొండోసారికి మీకు మళ్లీ అనుమానమే. కాబట్టి అమ్మా, చికిత్స మొదలైన నాటి నుంచి ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మానేసి, "డాక్టరుగారు చెప్పవద్దన్నారు, పద, భోజనం చేద్దాం" అని పక్కన కూర్చుని వడ్డించండి.